మూడో నంబరు

పేరు ఉరుకుందప్ప.
ఉరుకు నా పేరులోనే ఉండాది గానీ
పదకొండేండ్లలో నేను ఉరికింది తక్కువ,
నూకింది ఎక్కువ.
మూడో నంబరు చొక్కా. స్క్రమ్ములో ముందు వరస, కుడి కొస.
ఎదుటోళ్లలో ఒకడు ఈ భుజం మీద, ఒకడు ఆ భుజం మీద,
నడాన నా తల.
బంతి యాడుండాదో నాకు కనపడదు.
అరుపును బట్టి తెలుసుకోవాల.

రగ్బీ అంటే మా పెద్దమ్మకు రగ్గులు.
"చలికాలం బాగా అమ్ముడుపోతాయేమో నాయనా" అనేది.
అవును పెద్దమ్మా, అంటి.
చచ్చిపోయేదాకా ఆమెకు నేను రగ్గుల యాపారినే.

ఆదోని పత్తి యార్డులో మా నాయన హమాలీ.
"మెడ వంచగాకురా. చూపు ముందరికి పెట్టు.
బరువు సంగతి భుజానికి గాదు, నడుముకు చెప్పు."
పుణే కోచ్ కూడా ఇదే చెప్పినాడు,
ఇంగ్లీషులో, బోర్డు మీద బొమ్మ గీసి.

తొలి బంతిని తెచ్చింది వన్నూరు సారు,
సైకిలు క్యారేజీకి నులకతాడుతో కట్టుకొని.
తోలు పొట్టు లేచిపోయింది.
కిందేస్తే యా పక్కకు దుంకుతాదో దానికే తెలీదు,
అచ్చం మా ఇంట్లో లెక్క మాదిరి,
చేతికొచ్చినట్టే వచ్చి
పక్కింటోళ్ల గడపలో పడేది.

భువనేశ్వర్ క్యాంపు. కోల్‌కతా క్లబ్బు.
రెండు సీజన్లు కొలంబో. అక్కడ తొలి జీతం.
కాగితం మీద సంతకానికి ముందు తూకం వేసినారు,
నూట పన్నెండు కిలోలు.
మా యార్డులో అయితే తరుగు తీసేటోళ్లు.
వీళ్లు తీయల్యా.
మంచోళ్లనుకుంటి.

తరుగు తర్వాత తీసినారు, రొంత రొంత:
ఎడమ చెవి, ఎండిన అల్లం ముక్కయింది.
రెండు పండ్లు కొలంబో బురదలో యాడుండాయో.
కుడి చెయ్యి.
పెండ్లి పీటల మీద అది భుజం దాటి లేవల్యా.
రెండు ముళ్లు ఎట్లనో వేస్తి,
మూడో ముడి మా అక్క వేసింది.
ఆచారమేమోలే అనుకున్యారు అందరూ.

పదకొండేండ్లకు ఒకే ఒక్క ట్రై.
అది టీవీలో రాల్యా, వానకు కెమెరా మీద గోతం కప్పినారు.
గీత దాటినంత మాత్రాన చెల్లదు ఈ ఆటలో,
బంతిని మట్టికి ఆనించాల.
నా మీద ఆరు మంది. వాళ్ల కింద నేను,
నా కింద బంతి, బంతి కింద చల్లని నేల.
అట్ల పడుకున్నంతసేపూ
లెయ్యి, పనికి టైమాయె, అని ఎవురూ అనల్యా.

ముప్పైయొకటో ఏట స్క్రమ్ము కూలింది.
మెడలో పటక్కుమన్నది, పత్తికట్టె ఇరిగినట్టు.
డాక్టరు ఫిల్మును వెలుతురుకు పట్టి
"అయిదో పూసకూ ఆరో పూసకూ నడాన ఏమీ మిగల్లేదు" అన్నాడు.
క్లబ్బోళ్లు శాలువా కప్పినారు.
రగ్గయినా బాగుండు, పెద్దమ్మ మాట నిజమయ్యేది.

ఇప్పుడు అదే యార్డులో కరెంటు కాటా కాడ కూచుంటా.
నంబర్లు ఎర్రగా ఎలుగుతాయి, చీటీ రాస్తా.
పత్తి పీకేసిన నల్లరేగడి చేన్లో
సాయంత్రాలు పదిమంది పిల్లోళ్లు.
షంషాద్ అని ఒక బిడ్డ ఉండాది,
తొమ్మిదో తరగతి, మెడ గట్టిది.
ఆ బిడ్డకు ఏం చెప్పాల్నో నాకింకా తెలీదు.
మెడ వంచగాకు, అని మాత్రం చెప్తాండ.

మా నాయన నా ఆట ఎప్పుడూ చూడల్యా.
మొన్న ఫోన్లో పాత వీడియో పెడ్తి.
కండ్లద్దాలు ఎగదోసుకొని చానాసేపు చూసినాడు.
"ఎనిమిది మంది ఇట్ల, ఎనిమిది మంది అట్ల నూకుతాండారు.
మరి బోరెం యాడుండాదిరా?"
"అడుగున ఉంటాది నాయనా. కనపడదు."
ఊ, అన్నాడు.
బీడీ ఆర్పి
మళ్లా మొదట్నుంచి పెట్టమన్నాడు.