రసమట్టం

ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు.
ఇంటికి చక్రాలు కట్టి చూడమని
ఎవరూ అనలేదు.

మార్చి పదకొండున, డులూత్‌లో ఇంకా మంచు కురుస్తుండగా,
కొనుక్కున్నవాళ్ళ చేతిలో తాళాలు పెట్టి
ముప్ఫై ఒక్క అడుగుల డబ్బాలోకి
నలుగురం, ఒక ముసలి కుక్క, ఎక్కాం.
ఎందుకని అడిగినవాళ్ళకి రోజుకో జవాబు చెప్పాం.
పియానో అమ్మేశాం. మంచు ఎత్తే పార ఊరికే ఇచ్చేశాం.
దాన్ని ఇచ్చేటప్పుడు మాత్రం హాల్వర్ నవ్వాడు.

మొదటి రాత్రి అయోవాలో,
మూసేసిన దుకాణం ముందు, పార్కింగ్ దీపాల కింద.
అలమర గడియ వేయడం మరిచాను, దారిలో ఏదో మలుపులో
మేపుల్ పాకం సీసా దూకేసింది.
నేలంతా పాకం, పాకం నిండా కుక్క వెంట్రుకలు,
వెంట్రుకల్లో మా పెళ్ళినాటి గాజుగిన్నె ముక్కలు.
అప్పుడు ఏడవలేదు.
మూడోరోజు గొట్టం జారి మురుగంతా
హాల్వర్ బూట్లలోకి పోయినప్పుడు నలుగురం పగలబడి నవ్వాం.
తర్వాత నేనొక్కదాన్నే
గ్యాసు సిలిండర్ చాటున కూర్చుని ఏడ్చాను.

చాటు. ఈ ఇంట్లో దొరకనిది అదే.
ఉన్నది ఒక్క తలుపు,
కోపమొచ్చి దాన్ని దబాలున వేస్తే
ఎడారిలో నిలబడాలి, చెప్పుల్లేకుండా.
మేం మాటా మాటా అనుకున్న రాత్రి
పిల్లలు నిద్ర నటిస్తారు.
ఆ నటన నమ్మినట్టు మేం నటిస్తాం.

సన్నివాకి పదమూడేళ్ళు.
పై మంచానికి ఆనుకునే కప్పు మీద
స్నేహితురాళ్ళ పేర్లు పెన్సిల్‌తో రాసుకుంది.
దుప్పటి మడతపెట్టేటప్పుడు నేను పైకి చూడను.
న్యూమెక్సికోలో పంటి డాక్టరు ఇచ్చిన కాగితంలో
'శాశ్వత చిరునామా' దగ్గర పెన్ను ఆపి నావైపు చూసింది.
దక్షిణ డకోటాలో, మేమెన్నడూ నిద్రపోని ఊళ్ళో,
ఒక టపాపెట్టె నంబరు చెప్పాను.
రాసింది.
'శాశ్వత' కింద గీత గీసింది, కాగితం చిరిగేంత గట్టిగా.

ఎమ్మెట్‌కి ఆరేళ్ళు, వాడికి ఉద్యోగం ఉంది.
ఎక్కడ ఆగినా, వడ్రంగి తాత వదిలివెళ్ళిన రసమట్టం
వంటగట్టు మీద పెట్టి, గాలిబుడగ మీదే కళ్ళు నిలిపి అరుస్తాడు:
"ఎడమ చక్రం కింద ఇంకో చెక్క! ఇంకోటి! చాలు!"
బుడగ రెండు గీతల మధ్య నిలిచాకే
కాఫీ అయినా, కయ్యమైనా.
ఒకసారి వాడు నిద్రపోయాడని ఊరుకున్నాం,
తెల్లారేసరికి అందరం ఒకే గోడకి అతుక్కుని ఉన్నాం.

యూమా దగ్గర పక్క బండిలో వెర్నా,
తొమ్మిదేళ్ళుగా రోడ్డు మీదే.
చెంబెడు నీళ్ళతో నాలుగు పళ్ళాలు కడగడం నేర్పింది.
"ఎన్నాళ్ళకి అలవాటవుతుంది?" అన్నాను.
"దేనికి?" అంది.
పొద్దున లేచేసరికి అక్కడ రెండు టైరు చారలు,
మా మెట్టు మీద తులసిలాంటి వాసనేసే మొక్క కుండీ.

చీకట్లో పాత ఇంటి స్విచ్చు కోసం
గోడ తడమడం నా చెయ్యి మానేసింది.
ఏ రాత్రి మానిందో నేను చూసుకోలేదు.

జూలైలో ఫ్లాగ్‌స్టాఫ్‌లో ఇరుసు విరిగింది.
బండి షెడ్డులో, మేం మోటెల్లో.
రెండు గదులు, మధ్యలో తలుపు!
వేలికొసలు ముడతలు పడేదాకా వేడినీళ్ళ కింద నిలబడ్డాను.
కానీ రాత్రి ఎవరికీ కునుకు పట్టలేదు.
ఎవరు ఒత్తిగిలినా నేల ఊగదు.
అర్ధరాత్రి సన్నివా దిండు పట్టుకొచ్చి మా మంచం పక్కన నేలమీద పడుకుంది,
"మీరు కదులుతుంటే నాకు తెలియట్లేదు" అని గొణుక్కుంటూ.

ఎమ్మెట్ అప్పటికే లేచి ఉన్నాడు.
కిటికీ గట్టు మీద రసమట్టం.
వీధిదీపం వెలుగులో
బుడగ ఒక చివరికి పోయి కూర్చుంది.
"నాన్నా, లే. ఇది ఒరిగి ఉంది.
దీని కింద పెట్టడానికి చెక్కలేవీ?"

హాల్వర్ నిజంగానే లేచి
చెప్పులు వెతుక్కున్నాడు.