ఐదుగురికి ఒకరు

ఇరవై తొమ్మిదేళ్లు పన్నెండు బీ బస్సులో
చిల్లర సంచీతో నిలబడ్డవాణ్ణి.
పట్టినప్పాక్కం ఉప్పుగాలి నుంచి సాలిగ్రామం స్టూడియో గోడల దాకా
దారంతా నా కాళ్లకు కంఠతా వచ్చు.
ఇప్పటికీ ఎవరైనా బ్రేకు వేస్తే, బస్సు లేకపోయినా,
మోకాళ్లు వంగుతాయి.

పోలీసు స్టేషన్లో రైటరు అడిగాడు
"పిల్లల దగ్గర పని. ఈ వయసులో ఎందుకు సార్?"
వేలిముద్రలిచ్చాను, జవాబివ్వలేదు.
కేసుల్లేవని ఒక కాగితం, కళ్లు కనిపిస్తాయని ఇంకోటి.
రెండు రోజుల శిక్షణలో ప్రొజెక్టర్ చెడిపోతే
పాఠం చెప్పే అమ్మాయి బల్లెక్కి కూర్చుంది.
రోజుకు ఐదు గంటలు. మూడు దాటితే మధ్యలో విశ్రాంతి.
ఐదుగురు పిల్లలకు ఒక పెద్ద.
"ఆ పెద్ద మీరు. డైరెక్టరు కాదు, హీరో కాదు,
ఒక్కోసారి కన్నతల్లి కూడా కాదు."
నేను రాసుకున్నది ఆ చివరి ముక్కే.

బస్సులో తలుపు పక్కన ఒక గీత ఉండేది.
తల గీత దాటకపోతే అర టికెట్టు.
పిల్లల భుజాలు నొక్కే తల్లుల్ని చూశాను,
వంగిన మోకాళ్లని చూశాను,
చూడనట్టు పంచ్ కొట్టాను.
ఇక్కడా అదే గీత, కనిపించదంతే.
పాలపన్ను ఊడితే వేషం పోతుంది.

వళసరవాక్కంలో అద్దె బంగళా, తెలుగు సీరియల్.
నాకు అప్పగించిన ఐదుగురు:
కవలలు, ఇద్దరికీ కలిపి ఒకటే వేషం,
ఒకడు నటిస్తే ఒకడు నిద్ర.
జోయల్, తెర మీద మాటల్లేవు కనుక
బయట రోజంతా మాట్లాడతాడు.
నిలవన్, లెక్కపెట్టినప్పుడల్లా తక్కువొచ్చేవాడు.
జనరేటర్ బండి కింద పిల్లితో దొరుకుతాడు.
ఇంక ధన్విక. ఏడేళ్లు.
పొద్దుటి నుంచీ నాలుకతో ఏదో దాస్తోంది.

సీనులో అమ్మ చచ్చిపోవాలి, పాప ఏడవాలి.
పాపకు ఏడుపు రావడం లేదు.
అసలు అమ్మ వరండాలో పెరుగన్నం డబ్బాతో కూర్చుంది.
అసిస్టెంటు నా చెవిలో అన్నాడు
"మీ కుక్కపిల్ల పోయిందని చెబుదామా?"
నేను గడియారం చూపించాను.
ఏడుంపావుకు పది నిమిషాల తక్కువ. ఐదు గంటలకు ఐదు నిమిషాలు.
తర్వాత అవీ అయిపోయాయి.

"ఒక్క టేక్ సార్" అన్నారు వాళ్లు.
"ఒక్కటే కదా అన్నా" అంది తల్లి,
ఆమె గొంతులో ఇంటద్దె వినిపించింది.
అంతవరకూ సులువే. కానీ ధన్విక నా చొక్కా పట్టుకుంది.
"కండక్టర్ తాతా, నేను చేస్తాను, నాకొచ్చు, ప్లీజ్."
నన్నెవరూ దీనికి శిక్షణ ఇవ్వలేదు.
పిల్లల తరఫున నిలబడమన్నారు,
పిల్లకే ఎదురు నిలబడాలని చెప్పలేదు.
"వద్దమ్మా" అన్నాను.

అప్పుడొచ్చింది ఏడుపు.
ముక్కు, చెంపలు, బొట్టు అన్నీ కలిసిపోయే ఏడుపు.
ఫ్లోరంతా నిశ్శబ్దం.
కెమెరా కుర్రాడి చెయ్యి తెలియకుండానే బటన్ వైపు పాకింది.
నేను వెళ్లి లెన్సుకు అడ్డం నిలబడ్డాను.
నా వీపు తప్ప ఏమీ రాలేదు వాళ్లకు.
మంచి షాట్ పోయిందని ఎవరో నిట్టూర్చారు.
నిజం చెప్పాలంటే, మంచి షాటే.

రిజిస్టర్లో రాశాను. లోపలికి రెండుం పది, బయటికి ఏడుం పది.
మిగతాదానికి గడి లేదు.

గేటు దగ్గర నన్ను చూడకుండా వెళ్లిపోయి, వెనక్కి పరిగెత్తుకొచ్చింది.
పిడికిలి తెరిచింది. బియ్యపుగింజంత పన్ను.
"ఏడ్చినప్పుడు ఊడింది. అమ్మకు చెప్పకు.
ఇంకా నాలుగు ఎపిసోడ్లున్నాయి."
ఇంటి కప్పు మీదికి విసరాలట.
వాళ్లది రెండో అంతస్తు, పైన ఇంకా మూడు.

రాత్రి సాలిగ్రామం స్టాపులో, బస్సు రాకముందు,
రేకు మీదికి విసిరాను.
టిక్కుమంది.
రేపు ఆ పిల్ల నవ్వితే అందరికీ తెలిసిపోతుంది.
నవ్వే సీను ఉందో లేదో
నేనడగలేదు.