కొమ్ము పొడి

మా కంప్యూటరు బిగుసుకుపోయే ముందు
గోరు కాలిన వాసన వేస్తుంది.
ఆ మాట చెబితే
పాతపట్నం నుంచి ఫోన్లో తవిటినాయుడు నవ్వాడు.
"వైరస్సుకి వాసనేటి వదినా?
ఒకపాలి ఆపి, మళ్ళీ పెట్టు."
పర్లాకిమిడిలో రిపేరువాళ్ళు లేక కాదు,
తెలుగులో విసుక్కుంటే
తెలుగులో పడేవాడు కావాలి నాకు.

ఆపాను. పెట్టాను.
ఆపాను. పెట్టాను.
అక్కర్లేనివన్నీ చెరిపేశాను,
ఇతిశ్రీ ఆడి విసిగిన కార్ల ఆట,
మూడేళ్ళనాటి కరెంటు బిల్లులు,
ఒక పెళ్ళి వీడియో, ఎవరిదో ఇప్పుడు గుర్తు లేదు.
అయినా భువనేశ్వర్ మేళాకి పంపాల్సిన ఫొటోలో
ముక్కు వచ్చింది, మెడ వచ్చింది,
కాళ్ళు రాలేదు.
నిలబడ్డానికి ఏమీ లేని కొంగ
అలాగే నిలబడిపోయింది.

గోడవతల లింగరాజు ఆకురాయి మాత్రం ఆగలేదు.
కర్ కర్. కర్ కర్.
"ఏటే, మళ్ళీ బిగుసుకుందా?"
"ఊఁ."
"నిప్పుకి చూపించు, వంగుతాది."
గేదె కొమ్ముతో పాతికేళ్ళు బతికినవాడి వైద్యం.

ఆదివారం మధ్యాహ్నం, కరెంటు లేని వేళ,
దుమ్ము పడకూడదని నేనే కప్పిన
కుట్టుపువ్వుల గుడ్డ ముందు తీశాను.
అది గాలిని కూడా పడనివ్వలేదని
అప్పుడు తట్టింది.
ఆయన చిన్న ఉలి మొనతో నాలుగు మరలు ఊడదీశాను.

లోపల ఒక బల్లిగుడ్డు పెంకు.
తీగల మీద బూజు.
ఫ్యాను రెక్కల సందుల్లో బూడిదరంగు మెత్తటి పొడి,
చెంచా కాడతో గీకితే అట్టలు అట్టలుగా ఊడింది.
వేలికి రాసుకుని వాసన చూశాను.

కొమ్ము.

ఏడేళ్ళుగా ఈ ఇంట్లో పుట్టిన
కొంగలు, రొయ్యలు, దువ్వెనలు
ఎవరెవరి అద్దాల బీరువాల్లోకో వెళ్ళిపోయాయి.
వాటి నుంచి రాలింది మాత్రం
గుమ్మం దాటి వచ్చి
నా దగ్గర కూర్చుంది.

వేడి తగిలితే కొమ్ము వంగుతుంది.
వేడి తగిలితే ఇది బిగుస్తుంది.
రెండు గదుల ఇల్లు, మధ్య గుమ్మానికి తలుపు లేదు.

ఇతిశ్రీ ఒడియా గుణింతం తప్పు రాసి చెరుపుకునే రబ్బరుతో
ర్యామ్ ముక్క బంగారు పళ్ళు తోమాను,
తవిటినాయుడు చెప్పినట్టు, మెల్లగా, ఒకే వైపుకి.
కరెంటు వచ్చింది.
కొంగకి కాళ్ళు వచ్చాయి.

ఊరు పడుకున్నాక
డబ్బా అడుగున టిక్. టిక్.
ఫోను ఆనించి వినిపించాను.
ఈసారి నవ్వలేదు తవిటినాయుడు.
"అది దుమ్ము కాదొదినా, డిస్కు.
కావాల్సినవి బేగి దాచుకో."
పెన్‌డ్రైవ్ చిన్నది.
ఏవి కావాల్సినవో ఇంకా తేల్చుకోలేదు.

గీకిన పొడి గిన్నెడైంది.
పారబోయబోతే లింగరాజు చెయ్యి పట్టుకున్నాడు.
దీన్ని మించిన ఎరువు లేదట.
మిరప మొక్క మొదట్లో గుప్పి, చెంబెడు నీళ్ళు పోసి,
మళ్ళీ ఆకురాయి అందుకున్నాడు.

పాత చీర తడిపి గుమ్మానికి కట్టి
ఇటువైపు కూర్చున్నాను.
అటు కర్ కర్.
ఇటు టిక్.