ఐదో తారీఖు రీడింగ్

నేను కొలువుల చేరిననాడు
జడ్చర్ల అవుతల ఈ వెంచర్ల ముప్పై నాలుగు మీటర్లు.
పొద్దున తొమ్మిదికి షురూ జేస్తే
పదిన్నరకల్లా చాయ తాగుతుంటి.
మీటరుకూ మీటరుకూ నడుమ ఆముదం చేను,
చేన్ల పాతిన తెల్ల రాళ్లు,
రాళ్ల మీద ఎండకు మెడలూపే తొండలు.

ఇప్పుడు పదకొండొందల ఆరు.
మూడు దినాలు పడుతది.
బిల్లు మిషన్ బ్యాటరీ నాకన్న ముందే అలిసిపోతది.

జనాన్ని లెక్కపెట్టుడు నా పని కాదు.
అరవై యూనిట్లంటే రెండు లైట్లు, ఒక ఫ్యాను, టీవీ.
నూట ఎనభై అయితే ఫ్రిజ్ దిగినట్టు.
మూడొందలు దాటితే అడిగే పనే లేదు,
మందుల కంపెనీల సూపర్‌వైజర్ అయిండు,
లేకుంటే పెద్దబిడ్డకు నర్సు కొలువొచ్చింది.
గోడకు ఏసీ నీళ్లు కారుతుంటయ్,
కింద ఎవరిదో కోడి అవే తాగుతుంటది.

సున్నా వచ్చే ఇండ్లు నలభై ఏడు.
గ్రానైట్ మెట్లు, స్టీలు గేటు, తాళం.
ఓనరు హైదరాబాద్ల ఉంటడు.
మినిమం బిల్లు గేటు సందుల పెడత,
పోయిన నెలది అట్లనే ఉంటది, వానకు ఉబ్బి.

ముందుగాల బిల్లు మీద అన్నీ ఎరుకైన పేర్లే.
ఇప్పుడు కర్నూలు సుంకన్న, రాజోలు ఎస్తేరు టీచరు,
నారాయణపేట నుంచొచ్చిన షాహీన్ బేగం.
బిల్లు మీదికెక్కని పేర్లు ఇంకా ఎక్కువ.

కేతావత్ దేవ్లి కాడ మీటరు ఒక్కటే, రేకుల రూములు తొమ్మిది.
రూముకు ఐదుగురు ఒరిస్సా పోరగాళ్లు.
ఇరవై ఏండ్లు బొంబాయిల కంకర మోసిందామె,
"ఏ పాలమూర్" అంటే పలికింది.
ఇప్పుడు వాకిట్ల కుర్చేసుకొని
"ఏయ్ ఒరిస్సా" అని పిలుస్తది.
యూనిట్‌కు పది రూపాయలు పట్టుకుంటది వాళ్ల కాడ.
డిపార్ట్‌మెంట్ రేటు ఆమెకు ఎరుకే.
నేను నోరు తెరిచేలోపల
మజ్జిగ గిలాస చేతిల పెడుతది.
తాగుత.

మే నెల, రాత్రి పదకొండు.
మూలమీది ట్రాన్స్‌ఫార్మర్ పేలింది,
ఆముదం చేను నాటిది, అరవై మూడు కేవీఏ.
ఇండ్లన్నీ రోడ్డు మీదికొచ్చినయ్.
లుంగీలు, నైటీలు, తల మీదికి లాక్కున్న దుపట్టాలు,
నిక్కర్ల డూప్లెక్స్ సారు.
ఇంతమందిమి ఉన్నమా అనుకున్న.
ఒరియాల ఒక తిట్టు, కోనసీమ తిట్టు,
దేవ్లి నోట తండా తిట్టు,
అన్నీ కరెంటోళ్లకే.
నన్ను గుర్తుపట్టి చుట్టూ మూగిన్రు:
"ఎప్పుడొస్తది?"
నాకేం తెలుసు, నేను లెక్క రాసేటోన్ని.
సారు బిడ్డకు ఒక ఒరిస్సా పోరడు
ఫోను లైటు ముంగట చేతులు వంచి
సున్నా యూనిట్ల ఇంటి గోడ మీద
కుక్కను చేసి చూపించిండు.
కుక్క నోరు తెరిస్తే పిల్ల మొరిగింది.

మూడింటికి కరెంటొచ్చింది.
ఒక్కసారి కేక, ఎనక తలుపుల చప్పుడు.
రోడ్డు మీద చిన్నపిల్ల చెప్పు ఒక్కటి మిగిలింది.

ఐదో తారీఖు ఆఖరి మీటరు నాదే,
నేనుండే కిరాయి రూముది.
యాభై ఎనిమిది.
మెట్ల కాడ ఓనరు ఆపిండు,
వచ్చే నెల నుంచి ఇంకో వెయ్యి అన్నడు,
"ఏరియా పెరిగింది గద, నీకు తెల్వందా."
మిషన్ చీటీ కక్కింది.
చింపి నా జేబులనే పెట్టుకున్న.