మబ్బు, చూడలేదు

ఈ రిజిస్టరు మొదటి పేజీ చెద తినేసింది.
అందుకే మొదలు ఎవరికీ తెలీదు, తలా ఒకటి చెప్తారు.
పీరాంసాహెబు చెప్పేది ఇదీ:
ఎనభయ్యారులో తోకచుక్క వచ్చిందని
చీమకుర్తి అంతా మిద్దెలెక్కి మెడలు పట్టేసుకుంది.
క్వారీ దుమ్ములో ఏం కనపడలా.
"రాయికి నిగ్గు తెచ్చేవాళ్లం, గాజుకి తేలేమా?"
అన్నాడంట, పాలిషింగు షెడ్డులో టీ గ్లాసు కడుగుతా.

ముప్ఫయ్యొక్క మంది, నెలకి పది రూపాయలు.
చీటీయే గానీ పాట లేదు, పాడుకునేందుకు ఏం లేదు గనక.
మద్రాసులో పాత ఓడల సామాను కొట్లో
కిటికీ అద్దం ఒకటి, పళ్లెమంత, బొటనవేలి మందం.
ఎనభై నంబరు పొడి, నూట ఇరవై, రెండొందల ఇరవై,
ఆ నంబర్లు మాకు ఎక్కాలకన్నా ముందొచ్చు.
గుగ్గిలం కరిగించి పోసింది సుందరమ్మ.
పీపా చుట్టూ తిరుగుతా దేవసహాయం రుద్దాడు
ఎనిమిది నెలలు, డ్యూటీ దిగాక.
గానుగెద్దుకైనా ఒకపూట విప్పుతారు.
చిల్లు డబ్బాలో దీపం, సగం గడ్డం బ్లేడు:
గుంట సరిగ్గా కుదిరిందో లేదో
ఆ బ్లేడు అంచున నీడ చెప్పింది.

కింద దిమ్మ రిజెక్టు రాయి.
తెల్లచార పడిందని జపాను వాళ్లు వద్దన్నారు.
నల్లరాతి నిండా రాగిచుక్కలు,
దాని మీద నిలబడి పై చుక్కల్ని చూడ్డం మొదలెట్టాం.
కప్పు రేకుల్ది, ట్రాలీ పట్టాల మీద పక్కకి జరిగేది.

మొదట చూపించింది శనిని.
ఆడోళ్లు కొంగు అడ్డం పెట్టుకున్నారు.
ఏలినాటి శని ఏడో ఏడు మోస్తున్న కోటిలింగం
చూసి, కన్ను తుడుచుకుని, మళ్లీ చూసి
"వీడా? ఇంత బుల్లి వడ్డాణం పెట్టుకుని...
వీడా నన్ను?" అన్నాడు.

తర్వాత అన్నీ ఎంట్రీలే, దేవసహాయం గుండ్రటి అక్షరాల్లో.
గొల్లకావడి కింద పొగలాంటి మరక: పద్నాలుగు మంది.
గ్రహణం: బడి మొత్తం, లెక్కపెట్టలేదు.
తుఫాను: రేకులు పొగాకు బారెను వెనక దొరికినయ్.
ఫ్లడ్‌లైట్లు. ఫ్లడ్‌లైట్లు. ఫ్లడ్‌లైట్లు.
అమావాస్యకి ఒక్క గంట ఆర్పమని అర్జీ పెడితే
ఓనరు గోడగడియారం పంపాడు.
అది బాగానే నడుస్తోంది.

ఒక ఫిబ్రవరి పేజీ ఉంది.
దేవసహాయం రాత కాదు, సుందరమ్మది.
"మబ్బు, చూడలేదు."
ఆ వారమంతా అదే. "మబ్బు, చూడలేదు."
ఆ ఫిబ్రవరిలో ఒక్క మబ్బు లేదు.
మూడో నంబరు గుంటలో బెంచీ జారింది.

ఆపైన మేమున్న గుట్టని కూడా కోసి ఓడెక్కించారు.
ఇప్పుడు ఊళ్లో అన్నిటికన్నా ఎత్తు
పనికిరావని పారబోసిన రాళ్ల కుప్ప.
అక్కడికి మార్చాం.
దిమ్మని ఎత్తినందుకు క్రేను వాడు డబ్బులు తీసుకోలా.

మొన్న రాత్రి ఎంట్రీ నాది.
పిల్లలకోడి. మనుషులు ఆరుగురు.
ఒక పిల్ల ఒట్టి కంటితో తొమ్మిది లెక్కపెట్టింది,
మేమెవరం ఆరు దాటలేదు.
దుమ్ముకి అలవాటైన కళ్లు మావి.
తొమ్మిదనే రాశాను.
పట్టాలకి గ్రీజు కొనాలి.