ఎర్ర రంగు, అర లీటరు

బ్యాంకాయన ఇచ్చిన కాగితంలో
ముందు అక్షరాలు లెక్కబెడతాను.
కూలి అక్షరానికి కాదు, గోడకు ఐదొందలు.
అయినా లెక్కబెట్టడం అలవాటు.
"ఈ ఆస్తి బ్యాంకు స్వాధీనంలో ఉన్నది."
'ఉన్నది' దగ్గర బ్రష్షు కాసేపు ఆగుతుంది,
న కింద వత్తు ఇమడాలి గదా.

కర్నూల్లో నంద్యాల చెక్‌పోస్టు దాటి లోపలికి,
వెంచరు వేసిన రోజు రంగు జెండాలు కట్టింది నేను,
ఆర్చి మీద పేరు రాసింది నేను, పసుపు మీద నీలం.
రేపు సెంటు ఎంతవుతుందో అని
అందరూ ఆకాశాన్ని చూసి మాట్లాడుకున్న కాలం.
ఆ నీలం ఆరకముందే
నేనూ రెండున్నర సెంట్లకు అడ్వాన్సు ఇచ్చినాను.

మూలిల్లు ఉరుకుందప్పది. నాకు ఐదో ఇల్లు.
బోరు లారీలో సగం వాటా వానిది.
నీళ్లు పడని రైతు డబ్బులియ్యలేదు,
డబ్బులు రాని వీడు కంతులు కట్టలేదు.
గేటు పక్కన నేను రాస్తా ఉంటే
మాదమ్మ లోపలినుంచి స్టూలు తెచ్చి వేసింది.
"మునివేళ్ల మీద ఎంతసేపు నిలబడతావు పీరా."
ఆ స్టూలెక్కే రాసినాను.

మొదటి వేలం నలభై రెండు లక్షలు. ఒక్కడూ రాలేదు.
రెండోది ముప్పై ఏడు చిల్లర. రాలేదు.
గేటుకు వేలాడే రేకు మీద
పాత అంకె గీకి కొత్తది రాయడం కూడా నా పనే.
ఖాళీ ఇల్లు ఊరికే ఉండదు.
ముందు మోటారు పోయింది, తర్వాత కిటికీ ఊచలు,
తర్వాత మూతలేని ట్యాంకులో దోమలు పుట్టి
నాలుగిండ్లు దాటి వచ్చి నా మనవరాలిని కుట్టినాయి.

నాలుగోసారి, ఇరవై తొమ్మిదికి,
ఎవరో కొన్నారు. ఫోన్లోనే. బేతంచెర్ల బండలు తొక్కి చూడకుండానే.

ఆ రోజు నుంచి
మా వీధిలో ప్రతి ఇంటి పేరూ ఇరవై తొమ్మిదే.

పెద్దాసుపత్రి నర్సు ఎస్తేరమ్మ నలభై ఐదు చెప్పింది తన ఇంటికి.
చూడవచ్చినోళ్లు ఆమె ఇచ్చిన టీ తాగి,
వంటింటి టైల్సు వేలితో తట్టి,
మెల్లగా అన్నారంట:
"మూలిల్లు ఇరవై తొమ్మిదికి పోయిందంట గదా మేడమ్."
పదకొండేండ్లలో ఆమె ఒక్క కంతు తప్పలేదు.
తప్పనిదానికి
ఏ కాగితంలోనూ ధర రాయలేదు ఎవరూ.

పుల్లయ్య బీడీ కట్ట కాగితం మీద లెక్క వేసినాడు:
కట్టాల్సింది ముప్పై మూడు, అమ్మితే వచ్చేది ఇరవై ఎనిమిది.
"ఐదు లక్షలు పైనబెట్టి నా ఇల్లు నేనే కొనుక్కోవాల్నా సామీ?"
ఆ నెల నుంచి కట్టడం మానేసినాడు.
ఆ గోడా నాకే వచ్చింది.
దాని తర్వాత దాని పక్కది.

నిజం చెప్తాను,
ధరలు దిగేకొద్దీ నా బ్రష్షు ఆరడం లేదు.
అర లీటరు డబ్బా వారానికి చాలడం లేదు.
ఐదొందలు జేబులో పడతాయి.
ఇంటికి పోయి చేతులు కిరసనాయిల్లో కడుక్కుంటూ
నా రెండున్నర సెంట్లలోంచి ఎంత పోయిందో
లెక్కబెట్టను.
అక్షరాలే లెక్కబెడతాను.

మొన్న మూలింటికి కొత్త ఓనరు వచ్చినాడు.
రాత కనబడకుండా తెల్లగా కొట్టమన్నాడు.
ఒక కోటు కొట్టినా. ఎరుపు నవ్వింది.
రెండో కోటు. రాత్రి వాన పడి
తెల్లారేసరికి 'స్వాధీనం' ఒక్కటే పైకి తేలింది.
"ప్రైమరు వేసి మళ్లీ కొట్టాల సార్, పదైదొందలు అవుతుంది."
ఆయన గోడను చూసినాడు, నన్ను చూసినాడు.
"పక్క వీధిలో ఎనిమిదొందలకే చేస్తారంట గదా."

సరేనన్నాను.
పైవరస అందక స్టూలు కోసం వెతికినాను.
లేదు.
మాదమ్మ తీసుకుపోయిన సామాన్లలో అదీ ఉండాల.