ముందు ఒట్టి కడ్డీ

దూది ఏకే ఇంట్లో పుట్టి
ఇనుము ఎత్తడానికి పోయానని
మా నాయన నాలుగేళ్ళు నాతో సరిగ్గా మాట్లాడలేదు.
తిట్లన్నీ విల్లుతోనే.
నేను గడప దాటుతుంటే
నారి టంగుమని ఒక దెబ్బ ఎక్కువ మోగేది.

నేను పుట్టినప్పుడు మా కందుకూరు నెల్లూరు జిల్లా.
తాలింఖానాలో చేరేసరికి ప్రకాశం.
తర్వాత మళ్ళీ అటన్నారు, ఇటన్నారు.
కచేరీల ముందు బోర్డులు మారాయి గానీ
ఇరవై కిలోల బిళ్ళ
ఏ జిల్లాలో తూచినా ఇరవై కిలోలే.

తాలింఖానా అంటే ఏముంది,
మంట ఆరిపోయిన పొగాకు బ్యారన్.
గోడల్లో ఇప్పటికీ ఎండాకు ఘాటు.
లారీ యాక్సిలే మా కడ్డీ.
అరచేతుల్లో పట్టుకి ముగ్గుపిండి.
"నా వాకిట్లో గీత లేకుండా చేశారు కదరా"
అని వస్తాదు భార్య చీపురెత్తేది.

చెంచురామయ్య వస్తాదు మొదటి నెలంతా
బిళ్ళలు తొడగనివ్వలేదు.
"కడ్డీతో మాట్లాడటం రానోడికి
బరువుతో పోట్లాట ఎందుకు?"
పద్నాలుగేళ్ళవాణ్ణి, ఉడికిపోయాను.
ఆయన సింగరాయకొండ పోయిన రోజు
దొంగతనంగా వంద ఎక్కించాను.
గోడలు పట్టుకుని ఇల్లు చేరాను.
నాయన విల్లు దించి
నడుముకి ఆముదం రాస్తూ అన్నాడు:
"దూదిని తొందరపెడితే పోగు రాదురా,
ముద్దవుతుంది."
ఆ నాలుగేళ్ళలో అదే పెద్ద మాట.

పగలు వేలం కేంద్రంలో బేళ్ళు మోసేవాణ్ణి.
"సాయంత్రం కూడా బరువులేనా?"
మాబున్ని నవ్వేది. చెప్పడం చేతకాలేదు.
బేలు నా వీపుని అడక్కుండా ఎక్కుతుంది.
కడ్డీ, నేను వంగితేనే లేస్తుంది.

ముప్పై నాలుగో ఏట గుంటూరులో
భుజాల మీద రెండొందల పది.
దిగాను. సగం పైకొచ్చాను.
ఎడమ మోకాలు ఎండు పొగాకు కట్టెలా
చిటుక్కుమంది.
పదకొండు నెలలు బ్యారన్ ఉన్న వీధి తప్పించి
చుట్టూ తిరిగి పనికి పోయాను, కుంటుకుంటూ.

నాయన మంచాన పడింది ఆ ఏడే.
ముప్పై ఎనిమిది కిలోలుంటాడేమో.
ఎత్తబోతే మూలిగాడు.
రెండొందలు మోసినవాణ్ణి,
ఎక్కడ పట్టుకోవాలో తెలియక నిలబడిపోయాను.
"పిడికిలి పట్టబాక.
ఏకిన దూదినెట్టా ఎత్తుతారు?
కిందనించి చెయ్యి పోనీ."
పడుకునే నేర్పించాడు.
నేర్చుకునేలోపు పోయాడు, పూర్తిగా రాలేదు నాకు.

తిరిగి బ్యారన్‌కి పోయిన రోజు
"నీ పట్టు మారిందే" అన్నాడు వస్తాదు.
ఎవరి దగ్గర మారిందో అడగలేదు.

ఇప్పుడు అరవై మూడు.
పాత వేలం రసీదుల వెనక
నా లెక్కలు రాసుకుంటాను.
పోయినేడు నూట పది. ఈ ఏడు తొంభై ఐదు.
తొంభై ఐదనే రాశాను.
నా దగ్గర విద్య ఏమన్నా ఉంటే అదే,
ఒక్క అంకె కూడా దిద్దలేదు.

మాల్యాద్రి అని కొత్తగా వస్తున్నాడు,
సెల్‌ఫోన్ గోడకి ఆనించి
తన కండల్ని తనే తీసుకుంటూ.
"పెద్దాయనా, వంద ఎప్పుడెత్తుతా?"
"రాత్రి ఎన్నింటికి పడుకున్నావు?"
"రెండింటికి."
"ఇయ్యాల్టికి ఇంటికి పో."
పోలేదు. ఆ మూలే నిలబడ్డాడు.
నేనూ ఒకప్పుడు పోలేదు.
బిళ్ళలన్నీ ఊడదీసి
ముగ్గుపిండి డబ్బా వాడివైపు తోశాను.

ఒట్టి కడ్డీ ఎత్తాడు, దబ్బున వదిలేశాడు.
గోడ మేకుకి వేలాడే విల్లు
నారి కదిలి సన్నగా మోగింది.
"ఏంది పెద్దాయనా ఆ చప్పుడు?"

"మా నాయన.
తిడుతున్నాడు.
మెల్లగా దించు."